పిల్లి నోట పడ్డ పుంజు: మొదటి గంట నుంచి మళ్లీ కూత దాకా

గోదావరి డెల్టాలోని మా కొబ్బరి తోటలో ఇంతవరకు రెండు పుంజులు అడవిపిల్లి నోట పడ్డాయి. మొదటిది ఒంటి మీద చుక్క రక్తం లేకుండా దొరికింది. తోక ఈకలు ఊడాయి, కాస్త బెదిరింది, అంతే అనుకున్నాం. సాయంత్రం గంట్లు, అంటే సజ్జలు, వేస్తే తిన్నది కూడా. మూడో రోజు పొద్దున గంప ఎత్తితే కదల్లేదు. రెక్క కింద రెండు సూదిమొన బెజ్జాలు, వాటి చుట్టూ పచ్చగా రంగు తిరిగిన చర్మం, లోపల పురుగులు. రెండోది వీపు తోలు చిరిగి, అరచేయంత మేర మాంసం కనిపిస్తూ దొరికింది. ఎర్ర ఈకల డేగ పుంజు కావడంతో ఏది ఈక రంగో ఏది రక్తమో తెలియనంతగా తడిసి ఉంది. అది బతికింది. ఇప్పటికీ తెల్లవారుజామున నాలుగింటికే నిద్ర చెడగొడుతోంది.

అందుకే పెద్ద గాయాన్ని చూసి గుండెలు బాదుకునేవాళ్ల కంటే, గాయమే కనిపించలేదని ఊరట పడేవాళ్లను చూస్తే నాకు ఎక్కువ భయం. కోడిని చంపేవి చాలాసార్లు ఈకల కింద దాగిన గాట్లే. వాటిని వెతికి పట్టుకోవడం, అప్పటిదాకా పుంజు ప్రాణం నిలబెట్టడం, ఈగను దగ్గరికి రానివ్వకపోవడం. పనంతా ఈ మూడింట్లోనే ఉంది.

మొదటి పది నిమిషాలు

అరుపు విని పరుగెత్తేసరికి పిల్లి పుంజును వదిలేసి కాలవ గట్టు దాటేస్తుంది. దాని వెంట పడవద్దు. పుంజు ఎటు పోయిందో చూడండి. గాయపడ్డ కోడి ఇంటి వైపు రాదు. కొబ్బరి మట్టల కుప్ప కిందో, గడ్డిమేటు సందులోనో, అరటి పిలకల మధ్యనో దూరి కళ్లు మూసుకుని కూర్చుంటుంది. దాన్ని తరిమి పట్టుకుంటే ఆ బెదురుకే ప్రాణం పోవచ్చు. మెల్లగా వెళ్లి తల మీదుగా తువ్వాలు కప్పండి. కళ్లకు చీకటి కమ్మితే సగం నెమ్మదిస్తుంది.

రెండు రెక్కలూ ఒంటికి ఆనేలా తువ్వాలుతో చుట్టి, కాళ్ల మధ్య వేలు పెట్టి పట్టుకుని ఎత్తండి. కాలి ముల్లు మీ వైపు రాకుండా చూసుకోవాలి. మామూలుగా చేసినట్లు కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయవద్దు. గుండెకు గట్టిగా హత్తుకోవడమూ వద్దు. కోడికి మనకున్నట్లు ఊపిరితిత్తుల కింద ఉదరవితానం ఉండదు. రొమ్ము ఎముక లేచి దిగితేనే గాలి ఆడుతుంది. ప్రేమ కొద్దీ గట్టిగా పట్టుకుంటే మన చేతుల్లోనే ఊపిరాడక పోతుంది.

రక్తం కారుతుంటే శుభ్రమైన నూలు గుడ్డ మడిచి దాని మీద అదిమి పట్టండి. గడియారం చూసి అయిదు నిమిషాలు, మధ్యలో తీసి చూడకుండా. మూడు కిలోల పుంజు ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా పావు లీటరుకు మించదు, కాబట్టి ఒక చిన్న టీ గ్లాసు పోయినా ప్రమాదమే. నెత్తి మీది జుట్టు, అంటే ఎర్రటి తురాయి, చిరిగితే చూడటానికి ఘోరంగా రక్తం వస్తుంది గానీ, అదిమి పడితే ఆగుతుంది. విరిగిన గోరుకో, కాలి ముల్లుకో అయితే కాస్త మొక్కజొన్న పిండి అద్ది అదమండి.

ఇంతలో ఇరుగుపొరుగు చేరతారు. ఒకరు కాఫీ పొడి అంటారు, ఒకరు సున్నం అంటారు. పక్కింటావిడ చెంబుతో వచ్చి, "ముందు గొంతులో నాలుగు చుక్కలు పొయ్యండి వదినా, నోరెండిపోయి ఉంటుంది" అంది. ఆ పని మాత్రం చేయకండి. కోడికి శ్వాసనాళం నాలుక మొదట్లోనే తెరుచుకుని ఉంటుంది. బెదిరి ఉన్న పుంజు నోరు తెరిచి నీళ్లు పోస్తే నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మా అత్తగారు అందరినీ పక్కకు జరిపి, "ముందు దాన్ని గంప కింద పెట్టమ్మా, తర్వాత ఏడుద్దువు గానీ" అన్నారు. ఆ రోజు జరిగిన మొదటి వైద్యం అదే.

గంప, చీకటి, వెచ్చదనం

ఇంట్లో మనుషులు తిరగని మూల చూసుకోండి. కింద పాత నూలు చీర మడతలు వేసి పరవండి. ఊక, ఎండుగడ్డి వద్దు. నలకలు గాయానికి అంటుకుంటాయి, మన చెమ్మ గాలికి గడ్డి బూజు కూడా పడుతుంది. పైన గంప బోర్లించి, గుడ్డ కప్పి, ఒక పక్క గాలి ఆడేలా వదలండి. టీవీ ఆపండి, కుక్కను కట్టేయండి.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. మన చేతికి కాలుతున్నట్లు తగిలితే జ్వరం అనుకోవద్దు. చల్లగా తగిలితేనే కంగారు పడాలి. అప్పుడు వేడి నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. పాతకాలపు 60 వాట్ల బల్బు ఉంటే అడుగున్నర దూరంలో ఒక పక్కకే వేలాడదీయండి, వేడి ఎక్కువైతే రెండో పక్కకు జరిగే వీలుండాలి. ఎల్ఈడీ బల్బు పెట్టి వెచ్చగా ఉందనుకోకండి, అది ఇచ్చేది వెలుతురే. వేసవిలో ఇవేవీ వద్దు. నోరు తెరిచి రొప్పుతూ రెక్కలు ఎడంగా పెట్టిందంటే వేడి ఎక్కువైందని అర్థం.

గంట తర్వాత పుంజు తల నిలబెడితే అప్పుడు నీళ్లు. మందుల షాపులో దొరికే ఓఆర్ఎస్ పొట్లం, దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి. పొట్లం లేకపోతే లీటరు నీళ్లకు తలగొట్టిన చిన్న చెంచాలు ఆరు పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు. ముక్కు కొసను నీళ్లకు తాకించి వదిలేయండి, తాగితే అదే తాగుతుంది. తాగకపోతే ముక్కు అంచున ఒక్కో చుక్క. ఇంట్లో కొబ్బరిబోండాలు ఉన్నాయి కదా అని ఆ నీళ్లతో సరిపెట్టవద్దు, ఇప్పుడు కావలసిన సోడియం వాటిలో తక్కువ. ఒకటి రెండు రోజులయ్యాక మామూలు నీళ్లకు మార్చేయండి.

గాట్లు వెతకడం

పుంజు కుదుటపడిందనిపించాక, అంటే ఒకటి రెండు గంటల తర్వాత, అసలు పని మొదలుపెట్టండి. ఇద్దరు ఉండాలి. ఒకరు తువ్వాలులో పట్టుకుంటే, ఇంకొకరు చేతులకు తొడుగులు వేసుకుని చూడాలి. పగటి వెలుతురు మంచిది, లేకపోతే ఫోను టార్చి.

చూపుతో వెతికితే దొరకదు, వేళ్లతో వెతకాలి. ఈకలకు ఎదురుగా వేళ్లు పోనిస్తూ, నోటితో ఊది ఈకలు విడదీస్తూ, నెత్తి వెనుక నుంచి మొదలుపెట్టి మెడ చుట్టూ, వీపు, రెక్కల కింద, తొడ లోపలి వైపు, తోక మొదలు, మలద్వారం చుట్టూ వరసగా రండి. ఈకలు ఎక్కడైనా అతుక్కుని ముద్దగా ఉంటే దాని కింద ఏదో ఉన్నట్లే. నులివెచ్చటి నీళ్లతో నానబెట్టి విడదీయండి, పీకకండి.

ఒక బెజ్జం దొరికితే పని అయిపోయిందనుకోవద్దు. కోరపళ్లు జతగా ఉంటాయి, కాబట్టి దాని జోడీ ఆ దగ్గర్లోనే ఉంటుంది. పై దవడా కింది దవడా కలిస్తేనే పట్టు. అందుకని ఎదురు వైపు కూడా చూడాలి. డేగ పుంజు వీపు చీలికను చూస్తూ నేను అరగంట గడిపాను. రొమ్ము పక్కన, రెక్క మొదట్లో ఉన్న రెండు బెజ్జాలను కనిపెట్టింది పదో తరగతి చదివే మా అమ్మాయి. మొదటి పుంజును తీసుకుపోయినవీ అచ్చం అలాంటివే.

గాయం చుట్టూ అంగుళం మేర ఈకలను కత్తెరతో కత్తిరించండి. కొత్తగా మొలుస్తున్న ఈకల కాడలో రక్తం ఉంటుంది. ముదురు రంగులో మెత్తగా ఉన్న కాడ కనబడితే దాని జోలికి పోవద్దు. ఈకలు పీకితే కోడి చర్మం పల్చటి కాగితంలా చిరిగి, చిన్న గాయం పెద్దదవుతుంది.

వెతికేటప్పుడే మరి రెండు సంగతులు గమనించండి. చర్మం ఎక్కడైనా బుడగలా ఉబ్బి, నొక్కితే చిటపటలాడినట్లు తగిలితే లోపలి గాలి తిత్తి ఏదో చిల్లు పడి చర్మం కింద గాలి చేరిందన్నమాట. కొద్దిగా ఉంటే అదే తగ్గుతుంది, పెరుగుతుంటే డాక్టరు తీయాలి. ఇక నీళ్లు తాగగానే మెడ కింది గాయంలోంచి తడి బయటికొస్తుంటే మేత సంచి చిరిగింది, దానికి కుట్లు తప్పవు.

కడగడం

లీటరు నీళ్లు మరిగించి తొమ్మిది గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాలు రెండింటికి కాస్త తక్కువ, వేసి చల్లార్చండి. అంత ఓపిక లేకపోతే మందుల షాపులో సెలైన్ సీసా కొనండి. సూది తీసేసిన 20 మి.లీ. సిరంజితో గాయంలోకి ధారగా కొట్టండి. మట్టి, ఈక నలకలు, పిల్లి లాలాజలం అన్నీ కొట్టుకుపోయి, బయటికొచ్చే నీళ్లు తేటపడేదాకా కడగాలి. ఒక సిరంజితో అయ్యేది కాదు, పది పదిహేను పట్టవచ్చు. కోడి ఓపిక చూసుకుంటూ మధ్యలో ఆపండి. తర్వాత పోవిడోన్ అయోడిన్‌ను లేత టీ రంగు వచ్చేదాకా నీళ్లలో పలచన చేసి తడపండి. సీసాలోది సీసాలోనట్లే పోస్తే కొత్తగా పుట్టే కండను కూడా కాలుస్తుంది.

పసుపు మాటేమిటని అడుగుతారు. పైపై గీతలకు వేసుకోండి, కాదనను. లోతైన బెజ్జంలో పసుపు కూరితే అది బిరడాలా మూసుకుపోయి, లోపలిది లోపలే కుళ్లుతుంది. పక్షుల చీము మన చీములా కారిపోదు కూడా. జున్ను ముక్కలా గట్టిపడి అక్కడే ఉండిపోతుంది, దాన్ని డాక్టరు చేత తీయించాల్సిందే. కిరోసిన్, ఫినాయిల్, టర్పెంటైన్ నూనె, సున్నం, బూడిద ఏవీ వద్దు.

కుట్ల గురించి మా ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. పందెం పుంజులు పెంచేవాళ్లు వీధికొకరు ఉంటారు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఏం చెబుతున్నా సంక్రాంతికి బరులు లేస్తూనే ఉన్నాయి. కత్తి గాయానికి సూదీ దారంతో కుట్టేసే చేయి తిరిగినవాళ్లు వాళ్లలో ఉంటారు. సాయం చేద్దామనే వస్తారు, మర్యాదగా వద్దనండి. కత్తి కోసిన గాయం వేరు, పన్ను దిగిన గాయం వేరు. పన్ను తనతో పాటు మురికిని లోతుకు మోసుకుపోతుంది. పైన కుట్టేస్తే ఆ మురికికి గది కట్టి తలుపు వేసినట్లే. కరిచిన గాయాన్ని చాలావరకు తెరిచే ఉంచి, అడుగు నుంచి మాననివ్వాలి. మా డేగ వీపున అరచేయంత గాయానికి డాక్టరు ఒక్క కుట్టు కూడా వేయలేదు. మూడు వారాల్లో తోలు కమ్ముకుంది.

డాక్టరు దగ్గరికి

పిల్లి పన్ను దిగితే 24 గంటల లోపు డాక్టరుకు చూపించండి. పిల్లి నోట్లో ఉండే పాశ్చరెల్లా అనే సూక్ష్మజీవి రక్తంలో కలిస్తే కోడి ఒకటి రెండు రోజుల్లోనే పోవచ్చు. కోళ్లకు కలరా తెగులు తెచ్చేదీ ఆ జాతిదే. దీనికి యాంటీబయాటిక్ కావాలి. ఏది, ఎంత, ఎన్ని రోజులన్నది బరువు చూసి డాక్టరే చెప్పాలి. ఊళ్లో రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుడిని అడగండి, లేదా 1962కు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సంగతి చెబుతారు. కోడికి కూడా డాక్టరా అని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. మందు వాడాక ఎన్నాళ్ల వరకు ఆ కోడిని కోసి తినకూడదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.

ఇంట్లో మనం వేసుకునే నొప్పి మాత్రలు ముక్క చేసి వేయకండి. ముఖ్యంగా డైక్లోఫెనాక్ పక్షుల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రాబందులు చచ్చిపోతున్నాయనే 2006లో పశువులకు దాన్ని నిషేధించారు. నొప్పి తగ్గడానికి వేరే మందులు ఉన్నాయి, డాక్టరు రాస్తారు.

మీ చేతుల సంగతి కూడా చూసుకోండి. కరిచింది పిల్లో, కుక్కో, నక్కో, ముంగిసో, ఏదైనా దాని లాలాజలం పుంజు ఈకల మీద ఉంటుంది. చేతికి గీతలు, పుండ్లు ఉండి అది తగిలితే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, రేబిస్ టీకా గురించి ఆసుపత్రిలో అడగండి.

ఈగ

డెల్టాలో పిల్లి తర్వాతి శత్రువు ఈగ. పచ్చగా మెరిసే పెద్ద ఈగ గాయం అంచున గుడ్లు పెడుతుంది. సన్న నూకను చిటికెడు చల్లినట్లు తెల్లగా, ఈక మొదళ్లకు అంటుకుని కనిపిస్తాయి. మన ఉక్కకు రోజు తిరగకుండా పొదిగి పురుగులవుతాయి. మొదటి పుంజును చివరికి తినేసింది ఇవే. అందుకని దోమతెర తప్పనిసరి. గంప మీదుగా కప్పి అంచులు కింద దోపండి. చిన్నపిల్లలకు కప్పే గొడుగు తెర అయితే గంప మీద సరిగ్గా సరిపోతుంది. చీమలు చేరకుండా గంపను బల్ల మీద పెట్టి, బల్ల కాళ్లను నీళ్లు పోసిన కొబ్బరి చిప్పల్లో ఉంచాను. కింద పరిచిన గుడ్డ రోజుకు రెండుసార్లు మార్చాలి.

మొదటి వారం పొద్దునా సాయంత్రమూ గాయం తెరిచి చూడండి. నూక కనబడితే పట్టకారుతో ఒక్కొక్కటి తీయండి. పురుగులు పడితే వెచ్చటి ఉప్పునీటి ధారకు పైకి వస్తాయి, తీసేసి అదే రోజు డాక్టరుకు చూపండి. ఈగలు వాలకుండా గాయం చుట్టూ చల్లే మందు పశువుల మందుల షాపుల్లో ఉంటుంది. కోళ్లకు వాడవచ్చో లేదో అడిగి తెచ్చుకోండి.

మేత, రెట్ట, రెక్క

మొదటి రోజు తినకపోయినా కంగారు పడవద్దు. రెండో రోజు మెత్తటి అన్నంలో ఉడికిన గుడ్డు నలిపి పెట్టండి. మెడ కింద మేత సంచిని రాత్రి ఒకసారి, తెల్లారి మేత వేయకముందు ఒకసారి తడమండి. తెల్లారేసరికి ఖాళీ అయితే అరుగుదల బాగున్నట్లు. అప్పుడు నానబెట్టిన చోళ్లు (రాగులు), గంట్లు మొదలుపెట్టవచ్చు. కండ, ఈక కట్టడానికి మాంసకృత్తులు కావాలి. నెల పాటు కోడిపిల్లల దాణా కలిపి పెట్టండి.

రెట్ట ముదురు ఆకుపచ్చగా, పలచగా ఉంటే తిండి సరిగా తినడం లేదన్నమాట. నెత్తి జుట్టు రంగు రోజూ చూడండి. పాలిపోయి ఉంటే రక్తం తగ్గింది, వారం పదిరోజుల్లో ఎరుపెక్కాలి. ఊదా రంగుకు తిరిగితే ఆలస్యం చేయకుండా డాక్టరు.

రెక్క వేలాడితే మామూలుగా మడిచే తీరులోనే మడిచి, మెత్తటి గుడ్డ పట్టీతో ఒంటికి చుట్టి, రొమ్ము బిగియకుండా కట్టి తీసుకెళ్లండి. ఎముక బయటికొచ్చినా, పేగులు కనిపించినా ఉప్పునీటిలో తడిపిన గుడ్డ కప్పి వెంటనే బయలుదేరాలి. బాగుపడే దారి లేదని డాక్టరు చెబితే, ఆయన చేతే నొప్పి లేకుండా పంపించేయమనండి. ఇంటికి తెచ్చి మూడు రోజులు చూస్తూ కూర్చోవడం దానికి మనం పెట్టే రెండో బాధ.

పుంజు గంపలో ఉండగానే గూడు

వేటాడినది మళ్లీ వస్తుంది. కొబ్బరి ఆకు తడికె దానికి అడ్డే కాదు. పలచటి కోడి జాలీని కుక్క చింపేస్తుంది. అర అంగుళం కన్నుల వెల్డింగ్ జాలీ వేయండి. గూడును నేల నుంచి రెండు మూడు అడుగులు ఎత్తితే వానాకాలం నీళ్ల బాధ కూడా తప్పుతుంది. నేల మీదే ఉంటే జాలీని అడుగు వెడల్పున బయటికి మడిచి మట్టి కప్పండి. తవ్వుకుంటూ వచ్చేవి గోడ మొదట్లోనే తవ్వుతాయి. తలుపుకు గడియ చాలదు, చిలుక కొక్కెం కూడా ఉండాలి.

ఎవరు వచ్చారో వేళను బట్టి కొంత తెలుస్తుంది. ముంగిస పగటి దొంగ. మానుపిల్లి రాత్రిది. అడవిపిల్లి మసక వెలుతురుకు ఎక్కువగా వస్తుంది, పగలూ తిరుగుతుంది. కుక్కలైతే నాలుగైదింటిని చంపి తినకుండా పడేసిపోతాయి. సార్వా, దాళ్వా (ఖరీఫ్, రబీ) వరి కోతలప్పుడు చేలల్లో దాక్కునే చోటు పోయి ఇళ్ల మీదికి వస్తాయి. గోదావరి వరద ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13 లక్షల క్యూసెక్కులు, దాటిందంటే లంకల్లోని (ఏటి మధ్య దిబ్బల మీది) జంతువులు ఏటిగట్టు ఎక్కుతాయి. ఆ రోజుల్లో చీకటి పడకముందే కోళ్లను మూసేయండి. ఉచ్చులు, విషం పెట్టవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా కోరంగి మడ అడవుల వైపు కనిపించే బావురుపిల్లి ప్రధానంగా చేపల మీద బతికేది, కోడి పోయిన ప్రతిసారీ నింద మాత్రం దాని మీద పడుతుంది.

గాయాల్లేకుండా నాలుగైదు కోళ్లు ఒక్కసారిగా చచ్చిపడి ఉంటే అది పిల్లి పని కాదు. 2025 ఫిబ్రవరిలో రెండు గోదావరి జిల్లాల్లోనూ బర్డ్ ఫ్లూ తేలింది. అలాంటప్పుడు ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

మళ్లీ మందలోకి

ఎర్రటి మచ్చ కనబడితే తోటి కోళ్లే పొడుస్తాయి. కాబట్టి తోలు పూర్తిగా మూసుకుని, పొక్కు ఊడేదాకా కలపవద్దు. అయితే కనుచూపులో ఉంచాలి. పెట్టలు కనిపించకపోతే పుంజు మేత మానేసి ముడుచుకుంటుంది. పదో రోజు నుంచి గంపను పగటిపూట వాకిట్లో పెట్టాను. పెట్టలు చుట్టూ తిరుగుతుంటే గంప సందుల్లోంచి గింజ చూపించి కొక్కొక్కొ అని పిలవడం మొదలుపెట్టింది, తనకే చాలని గింజను.

ఈలోపు చిన్న పుంజు ఏదైనా పెత్తనం తీసుకుని ఉంటుంది. జాలీకి అటూ ఇటూ వారం పాటు ఉంచి, ఒక సాయంత్రం గూటికి చేరే వేళ కలపండి. చిన్నపాటి తోపులాట సహజం. రక్తం కనబడితే విడదీసి మరో వారం ఆగండి. ఊడిన ఈకలు ఆరేడు వారాల్లో వస్తాయి, మీరు కత్తిరించినవి మాత్రం ఈకలు రాల్చే కాలం దాకా రావు.

మా డేగకు పాత పెత్తనం తిరిగి రాలేదు. పందొమ్మిదో రోజు తెల్లవారుజామున గంప కిందే ఒక కూత వినిపించింది, మధ్యలో బొంగురుపోయి ఆగిపోయింది. కాసేపటికి మళ్లీ మొదలుపెట్టింది. ఇప్పుడు వాకిలి చిన్న పుంజుది. డేగ తనతో వచ్చిన రెండు పెట్టలతో తోట వెనుక దింపు కాయల రాశి దగ్గర ఉంటోంది. మట్ట పడిన చప్పుడైతే అందరికంటే ముందు అదే అరుస్తుంది.